పగిలితే ఎవరు కడతారు?

కుప్పంలో గడియారం పన్నెండు కొట్టేసరికి సూర్యుడు నడినెత్తికి రాడు. ఆగస్టు మూడో వారంలో అయితే పన్నెండూ ఇరవై దాకా ఆగాలి. ఈ మాట నాకు చెప్పినవాడు ఎనిమిదో తరగతి. కుప్పం దగ్గరి ఓ పల్లెలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఆవరణలో మీటరు కర్ర ఒకటి నిలువుగా పాతి, అది ఎటూ ఒరగలేదని తాపీమేస్త్రి గుండుతో సరిచూసి, పదకొండున్నర నుంచి అయిదేసి నిమిషాలకు నీడ కొసన ఒక గులకరాయి పెడుతూ కూర్చున్నాడు. మబ్బు అడ్డం వచ్చినప్పుడల్లా దాన్ని తిట్టుకుంటున్నాడు. చివరికి రాళ్లన్నీ వరసగా చూసుకుంటే, నీడ బాగా పొట్టిగా ఉన్నది పన్నెండింటికి కాదని తేలింది. "మన గడియారం తప్పా సార్?" అని మాస్టారిని అడిగాడు. ఆయన ఫిజికల్ సైన్స్ చెబుతారు. బడిలో అందరికీ పీఎస్ సార్.

పీఎస్ సార్ జవాబు చెప్పలేదు. గోడకున్న భారతదేశ పటం తెచ్చి ఎండలో పరిచారు. దేశమంతా టైము చూసుకునే రేఖాంశం 82.5 డిగ్రీలు, అది మన కాకినాడ పక్కనుంచే పోతుంది. కుప్పం దానికి 4 డిగ్రీల పైచిలుకు పడమర. భూమి డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు. పిల్లలు నేల మీద పుల్లతో లెక్క వేసి, కాకినాడ మీదుగా పోయిన సూర్యుడు మనదాకా రావడానికి పావుగంట పైనే పడుతుందని తేల్చారు. అయినా ఇంకో మూడు నాలుగు నిమిషాలు లెక్కకు అందలేదు. అదెక్కడికి పోయిందని ఒక పిల్ల అడిగింది. భూమి నిండు వృత్తంలో తిరగదని, పైగా ఒరిగి తిరుగుతుందని, అందువల్ల ఏడాదిలో సూర్యుడు కొన్నాళ్లు గడియారానికి ముందూ కొన్నాళ్లు వెనకా నడుస్తాడని చెప్పి, "పై తరగతుల్లో చూద్దాంలే అమ్మా" అన్నారు. తర్వాత నాతో మెల్లగా, "పై తరగతుల్లో కూడా ఉండదు సార్" అన్నారు.

ఆ వారమే అక్కడ ఇంకో విశేషం జరుగుతోంది. మధ్యాహ్నమైతే సూర్యుడు రోజూ మన నెత్తిమీదే ఉంటాడని అనుకుంటాం. కుప్పం అక్షాంశం 12.75 డిగ్రీల ఉత్తరం. అక్కడ ఆయన నిఖార్సుగా నెత్తిమీదికి వచ్చేది ఏడాదికి రెండుసార్లే, ఏప్రిల్ 24 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతంలో ఒకసారి. ఏప్రిల్లో వచ్చేది వేసవి సెలవుల్లో కొట్టుకుపోతుంది. ఆగస్టుది మబ్బుల పాలు. వారం ముందు మిట్టమధ్యాహ్నపు నీడ 4 సెంటీమీటర్లు, దక్షిణం వైపు. నేను చూసిన రోజు అరవేలెడు కూడా లేదు. ఇంకో వారం పోతే ఉత్తరానికి తిరుగుతుంది. కర్కాటక రేఖకు పైన ఉన్న ఢిల్లీ పిల్లలకు ఈ వేడుక ఎప్పటికీ దొరకదని పీఎస్ సార్ చెప్పగానే పిల్లలు భలే సంతోషపడ్డారు. ఢిల్లీకి లేనిది మనకుంది అనే మాట కుప్పంలో తరచుగా వినబడేది కాదు.

ఈ ప్రయోగాన్నే ఎందుకు ఎంచుకున్నారని అడిగాను. ఖర్చు లేదు కదా అంటారనుకున్నాను. "ఇందులో పగిలేదేమీ లేదు సార్" అన్నారు.

స్టాఫ్ రూములో ఇనుప బీరువా ఒకటి తీసి చూపించారు. బ్యూరెట్లు, పిపెట్లు, గాజు పట్టకాలు, కటకాలు, గాల్వనోమీటర్లు, తడి బల్బు పొడి బల్బు థర్మామీటరు. కొన్నిటికి చుట్టిన కాగితం కూడా విప్పలేదు. గ్రామీణ పాఠశాలల్లో సైన్సు ఎదగకపోవడానికి పరికరాల్లేకపోవడమే కారణమని సభల్లో వింటూ వస్తున్నాం. లేని బళ్లు చాలానే ఉన్నాయి, కాదనను. ఉన్న బళ్లలో మాత్రం అవి బీరువాలో ఉన్నాయి. బీరువాకు తాళం ఉంది. తాళం వెనక స్టాక్ రిజిస్టర్ ఉంది. అందులో ప్రతి వస్తువూ మాస్టారి సంతకం మీద నడుస్తుంది. బదిలీ అయినప్పుడు ఒక్కొక్కటీ లెక్కపెట్టి అప్పజెప్పాలి. పగిలినదాన్ని లెక్కలోంచి కొట్టేయాలంటే కాగితం పై మెట్టుకు పోవాలి, సంజాయిషీ రాయాలి. "నలభైమంది పిల్లల చేతుల్లో గాజు పెడితే రెండు పగులుతాయి. పగలకుండా ఎవరు నేర్చుకున్నారు సార్? పగిలితే ఎవరు కడతారనేదే మా బాధ."

ఆయన సోమరి మాస్టారు కారని పైన గులకరాళ్లే చెప్పాయి. ఏ వస్తువూ పగలని బడిని మెచ్చుకునే పద్ధతి మనది. అలాంటి బడిలో ప్రయోగం జరగదు, జరిగినట్టు రికార్డులో బొమ్మ వేస్తారు. బ్యూరెట్‌ను ఒక్కసారి కూడా ముట్టుకోకుండా దాని బొమ్మ స్కేలు పెట్టి ముచ్చటగా గీయగల పిల్లలు మన రెండు రాష్ట్రాల్లోనూ కావలసినంతమంది.

ఆ బీరువాలోని తడి బల్బు పొడి బల్బు థర్మామీటరు సంగతి చెప్పాలి. కుప్పం, పలమనేరు వైపు మల్బరీ తోటలు, పట్టుపురుగుల షెడ్లు ఎక్కువ. పురుగు చిన్నగా ఉన్నప్పుడు వేడీ తేమా హెచ్చుగా కావాలి, పెరిగేకొద్దీ రెండూ తగ్గించుకుంటూ రావాలి. అందుకని షెడ్డులో ఇదే థర్మామీటరు వేలాడుతుంటుంది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఇంట్లో ఆ థర్మామీటరు చూసే పని తనదే అంది. "రెంటికీ తేడా ఎక్కువొస్తే గాలి ఎండిపోయినట్టు సార్. గోనెపట్టలు తడిపి కడతాం." తడిగుడ్డ చుట్టిన బల్బు ఎందుకు చల్లబడుతుందో తెలుసా అని అడిగితే, చెమట పట్టినప్పుడు గాలి తగిలినట్టే కదా అని టక్కున చెప్పింది. ఇంట్లో వాడే పరికరం బడి బీరువాలో కూడా ఉందని ఆమెకు ఆ రోజే తెలిసింది.

మధ్యాహ్న భోజనాలయ్యాక వ్యాను వచ్చింది. అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ వాళ్ల సంచార ప్రయోగశాల అది. వాళ్ల ప్రధాన ఆవరణ కుప్పం దగ్గర గుడివంకలోనే ఉంది కాబట్టి ఈ చుట్టుపక్కల పల్లెలకు ఈ వ్యాన్లు కొత్త కావు. డ్రైవరు, ఇన్‌స్ట్రక్టరు కలిసి పెట్టెలు దింపుతుంటే పిల్లలే మోశారు. వరండాలో బల్లలు వేసి సామాను పరిచేశారు. అయస్కాంతాలు, రాగితీగ, బ్యాటరీలు, అద్దాలు, పింగ్‌పాంగ్ బంతులు, స్ట్రాలు, నీళ్ల సీసాలు. అన్నిట్లోకీ ఖరీదైన సామాను బహుశా ఆ వ్యానే.

ఇన్‌స్ట్రక్టరు మూడు నాలుగు భాషలు కలగలిపి మాట్లాడతాడు. ఇక్కడ అది తప్పదు. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. పిల్లల్లో కొందరి ఇళ్లలో తమిళం, కొందరి ఇళ్లలో కన్నడం. మూడు రాష్ట్రాలు ఆనుకునే మూల కాబట్టి సందేహం ఏ భాషలో వస్తే జవాబు ఆ భాషలోనే వెళ్తోంది.

ముందు మోటరు. ఒక బ్యాటరీ, దాని రెండు కొసలకు రెండు పిన్నీసులు, మధ్యలో అయస్కాంతం, పిన్నీసుల రంధ్రాల్లో ఊగేలా రాగితీగ చుట్ట. తిరగాలి. ఏ గుంపుదీ తిరగలేదు. ఇన్‌స్ట్రక్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అలా నిలబడటం ఎంత కష్టమో పాఠం చెప్పినవాళ్లకు తెలుస్తుంది. ఈలోగా నేను ఇంకోటి గమనించాను. ప్రతి గుంపులోనూ చుట్ట చుట్టేది, బ్యాటరీ పట్టుకునేది మగపిల్లలు. నోట్సు రాసేది ఆడపిల్లలు. ఎవరూ చెప్పకుండానే అలా సర్దుకున్నారు. ఇన్‌స్ట్రక్టరు కూడా గమనించినట్టున్నాడు, "ఇప్పుడు రాసేవాళ్లు చేయండి, చేసేవాళ్లు రాయండి" అన్నాడు. మగపిల్లలు గొణిగారు. వాళ్ల దస్తూరీ బాగుండదని ఒకడు వాదన కూడా పెట్టుకున్నాడు.

ఆ మార్పుతోనే ముడి విడింది. ఒక పిల్ల తీగ చేతిలోకి తీసుకోగానే దాని కొసలు చూసి, "వార్నిష్ గీకలేదు సార్, కరెంటు యాడ పోతాది?" అంది. వాళ్ల నాయన కుప్పంలో మోటర్లు రీవైండింగ్ చేస్తాడు. బోర్ల మీద బతికే ఊళ్లలో కాలిపోని మోటరుండదు, రీవైండింగ్ షాపు లేని సెంటరుండదు. ఆ పిల్లకు ఏ తీగ దేనికో తెలుసు. ఫ్యానుకీ మిక్సీకీ వార్నిష్ తీగ. నీళ్లలో మునిగి పనిచేసే బోరు మోటరుకు ప్లాస్టిక్ తొడుగున్న తీగ. గేజి చెప్పమంటే వేళ్ల మధ్య నలిపి చెప్పింది. ఇన్‌స్ట్రక్టరు పక్కకు జరిగి ఆమెనే ముందుకు పిలిచాడు.

బ్లేడుతో కొసలు గీకారు. చుట్ట ఒక్క ఊపు ఊగి ఆగింది. వేలితో తోస్తే మళ్లీ ఊగి ఆగింది. ఇక్కడే అసలు కిటుకు ఉంది. చుట్ట సగం తిరిగేసరికి అయస్కాంతం దాన్ని వెనక్కి నెట్టడం మొదలుపెడుతుంది. ముందుకు నెట్టినంత బలంతోనే వెనక్కీ నెడితే తిరగడమెక్కడ? కాబట్టి ఆ రెండో సగంలో కరెంటు పోకూడదు. ఒక కొసను చుట్టూతా గీకాలి, రెండో కొసను ఒక వైపే గీకి, మరో వైపు వార్నిష్ ఉంచేయాలి. వార్నిష్ వైపు తిరిగినప్పుడు కరెంటు ఆగుతుంది, చుట్ట తన ఊపుతోనే ఆ సగం దాటుతుంది, గీకిన వైపు రాగానే మళ్లీ తోపు అందుతుంది. ఇన్‌స్ట్రక్టరు ఇదంతా చెప్పలేదు. "అది ఎప్పుడు నీకు సాయం చేస్తోంది, ఎప్పుడు అడ్డం పడుతోంది, చూసుకో" అని మాత్రం అన్నాడు. చాలాసేపటికి వెనక గుంపులోని ఒక పిల్లవాడు, అదీ ఏమరుపాటున ఒక వైపే గీకినవాడు, "మాది తిరుగుతా ఉండాది!" అని అరిచాడు. అందరూ వాడి మీద పడ్డారు. ఎందుకు తిరుగుతోందో వాడికి తెలియదు. తక్కిన పిల్లలు వాడి తీగను పరీక్షించి కారణం పట్టుకున్నారు. అప్పటికి మూడు బ్లేడ్లు విరిగాయి, ఒక అయస్కాంతం రెండు ముక్కలైంది. ఇన్‌స్ట్రక్టరు ఆ రెండు ముక్కల్నీ రెండు గుంపులకు ఇచ్చాడు. ముక్క అయినా దానికి రెండు ధ్రువాలూ ఉంటాయి కదా, పని జరిగిపోయింది.

తర్వాత రెండు పింగ్‌పాంగ్ బంతుల్ని దారాలకు పక్కపక్కన వేలాడదీశారు. మధ్యలోంచి స్ట్రాతో ఊదితే ఏమవుతుంది? ముందు చేతులెత్తించారు. విడిపోతాయని దాదాపు అందరూ ఎత్తారు, నేను కూడా అటే ఉండేవాణ్ని. ఊదితే ఠక్కున దగ్గరకొచ్చి కొట్టుకున్నాయి. గాలి వేగంగా పోయే చోట పీడనం తగ్గుతుందని, బయటి గాలి బంతుల్ని లోపలికి నెడుతుందని ఇన్‌స్ట్రక్టరు చెప్పబోతుండగా వెనక బెంచీలో ఒకడు, "వెంచురీ సార్!" అన్నాడు.

కుప్పం రైతులు డ్రిప్పు ముందే పట్టుకున్నారు. టమాటాకీ మల్బరీకీ నీటితో పాటే ఎరువు వదలడానికి పైపులో వెంచురీ బిగిస్తారు. మధ్యలో సన్నబడే చిన్న ప్లాస్టిక్ గొట్టం అది. "నీళ్లు సన్న సందులో గబగబా పోతాయి సార్. అప్పుడు పక్కనున్న సన్న పైపు బకెట్లో మందును అదే లాక్కుంటాది. మోటరు వద్దు, ఏం వద్దు. వాల్వు తిప్పి నీళ్లు సరిగా తొయ్యకపోతే లాగదు, బకెట్లోకే నీళ్లు తన్నుతాది." బెర్నౌలీ పేరు ఆ కుర్రాడు విని ఉండడు. బెర్నౌలీ సూత్రం పని చేయకపోతే ఏమవుతుందో మాత్రం వాడికి బట్టలు తడిసిన అనుభవం ఉంది. బడిలో మనం మొదలుపెట్టవలసిన చోటు అదేననిపించింది. బెర్నౌలీ పేరు తర్వాత రావచ్చు.

మర్నాడు గుడివంక వెళ్లాను. కొండల నడుమ 172 ఎకరాలు. ఒకప్పుడు రాళ్లూ ముళ్లకంపలూ తప్ప ఏమీ లేని నేల అది. దానిని పచ్చగా చేయడం కూడా ఇక్కడి పాఠాల్లో ఒకటిగానే సాగింది. 1999లో ఈ సంస్థను మొదలుపెట్టిన రామ్‌జీ రాఘవన్ విదేశాల్లో బ్యాంకు ఉద్యోగం చేసి వచ్చినవారు. చదివింది మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ స్కూల్లో. అణుశక్తి సంఘం అధ్యక్షుడిగా చేసిన పి.కె. అయ్యంగార్ మొదట్లోనే ఆయనకు తోడు నిలిచారు. పాత చిత్తూరు జిల్లాకు ఈ తరహా ప్రయత్నాలు పరాయివి కావు. రిషివ్యాలీ చుట్టూ ఉన్న పల్లె బళ్లలో కార్డులతో, ఒకే గదిలో పలు తరగతులు నడిపిన పద్ధతి దేశమంతా పాకింది. డబ్బున్న పిల్లలకు దొరికే చదువులోని మంచిని పల్లె పిల్లలకు ఎలా అందించాలనే ప్రశ్న ఈ నేల మీద చాలాకాలంగా నలుగుతోంది.

ఆవరణ గురించి ఎక్కువ చెప్పను. సర్కారు బడి పిల్లలు బస్సుల్లో వస్తారు, రోజంతా ఉండి పోతారు. నన్ను నిలబెట్టింది 2017లో తెరిచిన రామానుజన్ మ్యాథ్ పార్క్. గణిత శాస్త్రవేత్త సుజాతా రామదొరై దంపతుల చొరవతో వచ్చింది. అక్కడ ఒక పిల్ల రామానుజన్ పుట్టిన తేదీ చదరం పట్టుకుని కూర్చుంది. పై వరసలో 22, 12, 18, 87. ఎటు కూడినా 139. ఆ పిల్ల తన పుట్టిన తేదీతో చేద్దామని చూస్తోంది. రెండో వరసలో నాలుగో అంకెకు ఒకటి కలిపి మొదట పెట్టాలి, మూడో దానిలో ఒకటి తీసి పక్కన పెట్టాలి, అలా ఒక వరస ఉంది. దాన్ని ఎవరూ చెప్పకుండా 22, 12, 18, 87 కింద ఉన్న 88, 17, 9, 25 చూసి పట్టుకుంటోంది. బస్సు హారన్ కొట్టినా లేవలేదు.

అక్కడ నాకు బాగా నచ్చింది పిల్లలే పిల్లలకు చెప్పే పద్ధతి. పల్లెల నుంచి ఎంపిక చేసిన హైస్కూలు పిల్లలకు కొన్ని ప్రయోగాలు నేర్పుతారు. వాళ్లు తిరిగి తమ బడిలో, ఊళ్లో తోటివాళ్లకు చెప్పాలి. పద్నాలుగేళ్ల పిల్ల పన్నెండేళ్ల వాళ్లకు కటకం పెట్టి గోడ మీద కిటికీ బొమ్మ తలకిందులుగా పడేలా చూపిస్తుంటే వెనక నిలబడి విన్నాను. చిన్నపిల్లవాడొకడు, "అట్లయితే మన కంట్లో కూడా తలకిందులే పడాల గదక్కా, మరి నిటారుగా ఎందుకు కనబడతాయి?" అన్నాడు. ఆ పిల్ల క్షణం ఆగి, "అది మెదడు చూసుకుంటుందంటారు, నాకూ సరిగ్గా తెలీదు, కనుక్కుని చెప్తా" అంది. ఈ మాట పెద్ద మాస్టార్ల నోట అంత తేలిగ్గా రాదు. మాస్టారిని అడగడానికి జంకే పిల్లలు అక్కను అడగడానికి జంకరు. సగం పని అక్కడే అయిపోతుంది.

ఇంతా చూశాక నా అనుమానాలు నాకున్నాయి. వ్యాను రెండు గంటలుండి వెళ్లిపోతుంది. ఎంతమంది పిల్లలకు చేరిందనే లెక్క నివేదికల్లో చక్కగా కనబడుతుంది. ఒక పిల్లకు ఎన్నిసార్లు చేరిందనేది కదా అసలు లెక్క? మెరుపు చూసిన కంటికి ఆ తర్వాత చీకటి ఇంకా చిక్కగా ఉంటుంది. వ్యాను వెళ్లిన మర్నాడు అదే గదిలో పదో తరగతి పబ్లిక్ పరీక్షకు ముఖ్యమైన ప్రశ్నలు గుర్తులు పెట్టించడం మొదలవుతుంది.

దీన్ని సరిదిద్దాలని చూసినవాళ్లు మన దేశంలో ఉన్నారు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు 16 సర్కారు బళ్లలో ప్రయోగం చేసి నేర్చుకునే సైన్సు మొదలుపెట్టాయి. తర్వాత ఏకలవ్య సంస్థ దాన్ని భుజానికెత్తుకుంది. టెల్కోలో ఇంజనీరుగా ఉన్న అరవింద్ గుప్తా 1978లో అక్కడికి వెళ్లే, సంతలో దొరికే సైకిల్ వాల్వ్ ట్యూబూ అగ్గిపుల్లలతో బొమ్మలు చేయడం మొదలుపెట్టారు. ఆయన పుస్తకాలు తెలుగులోనూ దొరుకుతాయి. హోషంగాబాద్ వాళ్లు సామానుతో ఆగలేదు, పరీక్షను కూడా మార్చారు. పిల్లలు పుస్తకం తెరుచుకునే రాయవచ్చు, ప్రయోగం చేసి చూపాలి. మార్కులు దేనికి వేస్తే పిల్లలు, మాస్టార్లు, తల్లిదండ్రులు అటే నడుస్తారు కాబట్టి పరీక్షను ముట్టుకోకుండా తక్కినవన్నీ మార్చడం వల్ల ఒరిగేది తక్కువ. ఆ కార్యక్రమం వందల బళ్లకు పెరిగింది. 2002లో ఆ రాష్ట్ర ప్రభుత్వమే దాన్ని ఆపేసింది.

ఇప్పటి పథకాల్లో డబ్బుకు లోటు లేదు. 2016లో నీతి ఆయోగ్ కింద మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులకు ఒక్కో బడికి 20 లక్షల దాకా ఇస్తారు. ఇన్‌స్పైర్ మానక్ కింద మంచి ఆలోచన చెప్పిన పిల్లకు 10,000 రూపాయలు. రెండూ మంచివే. నేను చూసిన ఒకటి రెండు చోట్ల మాత్రం త్రీడీ ప్రింటరు మీద దుమ్ము పడకుండా పాత దుప్పటి కప్పి ఉంది. ప్రదర్శనల్లో పెట్టే నమూనాలు కొన్ని బజార్లో రెడీమేడుగా దొరుకుతాయి. 20 లక్షల ల్యాబు పగిలితే ఎవరు కడతారనే భయం పదివేల బీరువా కంటే పెద్దదవుతుంది తప్ప పోదు. అందుకని నేను అడిగేది పెద్దదేమీ కాదు. ప్రతి బడికీ ఏడాదికింతని పగలడానికే కొంత డబ్బు కేటాయించాలి. ఇంత పగిలిందని రాస్తే మాస్టారికి సంజాయిషీ అడగకూడదు. ఏమీ పగలలేదని రాస్తే అప్పుడు అడగాలి.

ఇక తల్లిదండ్రుల సంగతి. కుప్పం నుంచి రైలెక్కి రోజూ బెంగళూరుకు పనికి పోయి వచ్చేవాళ్లున్నారు. వాళ్ల కళ్లలో ఇంజనీరంటే అద్దాల మేడలో మెడకు కార్డు వేలాడదీసుకున్న మనిషి. ఆ మేడ చేరడానికి దారి ఎంపీసీ, కోచింగు, ర్యాంకు. 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలు కొంత మేలు చేశాయి. నూజివీడు, ఇడుపులపాయ, బాసర. పదో తరగతి మార్కుల మీదే ఆరేళ్ల చదువులో చేర్చుకోవడం, సర్కారు బడి పిల్లలకు కాస్త మొగ్గు ఇవ్వడం వల్ల కోచింగు గడప తొక్కని పిల్లలు ఎందరో ఇంజనీర్లయ్యారు. అయినా అదీ మార్కుల దారే. చేతిపని తెలిసిన పిల్లకు ఆ తెలివి ఎక్కడా లెక్కకు రాదు.

రీవైండింగ్ షాపుకు వెళ్లాను. ఆ పిల్ల వాళ్ల నాయన వేసవి అంతా కాలిన మోటర్లతో తలమునకలుగా ఉంటానని, వానలు పడితే కాస్త తెరిపి అని చెప్పారు. "మా పాప కంప్యూటర్ ఇంజనీర్ కావల్ల సార్. ఈ మసి నాతోనే పోవాల." ఆయన చేతిలో ఉన్నది స్టేటరు. ఏ గాడిలో ఎన్ని చుట్లు, ఏ ఫేజు ఎక్కడ మొదలై ఎక్కడ తేలాలో కాగితం లేకుండా చేస్తున్నారు. మూడు ఫేజుల మోటరు ఎందుకు తిరుగుతుందని అడిగితే నవ్వి, "తిరగకపోతే రైతు ఊరుకోడు సార్" అన్నారు.

కూతురు ఊరుకోలేదు. బడిలో చేసిన బొమ్మ మోటరును ఆయనకు చూపించి, దీంట్లో కొస సగం గీకితేనే తిరిగింది, మిక్సీలో కార్బన్ బ్రష్షులు ఆ పనే చేస్తాయి, మరి మన బోరు మోటర్లో బ్రష్షు లేదు, అయస్కాంతం లేదు, లోపలి ముక్కకు వైరే పోదు, అదెట్లా తిరుగుతోంది అని అడిగిందట. ఆయనకు తెలియలేదు. మర్నాడు అదే ప్రశ్న పీఎస్ సార్‌కు పెట్టింది. మూడు ఫేజులు ఒకదాని వెంట ఒకటి పెరిగి తగ్గడం వల్ల స్టేటరులో అయస్కాంత క్షేత్రమే గుండ్రంగా తిరుగుతుందని, అది లోపలి ముక్కలో కరెంటు పుట్టించి తన వెంట లాక్కుపోతుందని ఆయనకు చదువుకున్న రోజుల నుంచి తెలుసు. తెలిసినదాన్ని తొమ్మిదో తరగతికి కళ్లకు కట్టేలా చూపడం వేరే పని. పుస్తకంలో బొమ్మ లేదు, బీరువాలో వస్తువు లేదు.

నేను బయల్దేరే ముందు పీఎస్ సార్ ఫోను చేతికిచ్చి ఆ షాపతనితో మాట్లాడమన్నారు. పనికిరాని స్టేటరు ఒకటి బడికి కావాలి, తుక్కు కింద ఎంతకిస్తారో అడగమని. పాప చదువుకి డబ్బులేంది సార్, తీసుకుపోండి అన్నారు ఆ పిల్ల నాయన. అయితే అది మనిషి ఎత్తేది కాదట, ఆటో కావాలి. ఆటో కిరాయి ఏ పద్దులో రాయాలా అని పీఎస్ సార్, హెడ్మాస్టరు వాదించుకుంటుంటే, పాలవ్యాను రేపు పొద్దున అటే వస్తుంది సార్, వాళ్లతో చెప్పి వేయిస్తానని ఆ పిల్ల మధ్యలో అందుకుంది.